బానెట్ వచ్చింది... సొట్ట పడకుండా!

కొత్త కారు కొనడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు. డబ్బుంటే షోరూముకెళ్లి తాళాలు తెచ్చుకోవచ్చు. లేకపోతే బ్యాంకువాళ్లే ఫోన్ చేసి మరీ అప్పిస్తారు. కష్టమంతా పాత కారును బతికించుకోవడంలోనే ఉంది. అందులోనూ అది యాభై ఏళ్లు దాటిన అంబాసిడర్ అయితే, దాని ఇల్లు నెల్లూరు జిల్లా సముద్ర తీరంలో ఉంటే... ఇక చెప్పేదేముంది!

మైపాడు, కోడూరు, ఇస్కపల్లి... ఏ ఊరికైనా వెళ్లి చూడండి. కిటికీ ఊచలు, గేటు గొళ్లేలు, సైకిలు రిమ్ములు, చివరికి బీరువా తాళంచెవులు... దేన్నీ వదలదు ఉప్పుగాలి. మొదట రంగు కింద చిన్న పొక్కు వస్తుంది. నెల తిరక్కుండా అది పగులుతుంది. ఏడాదికి అక్కడ వేలు దూరేంత కన్నం పడుతుంది. మనిషికి ముసలితనం పైనుంచి కనిపిస్తుంది. ఇనుముకు మాత్రం లోపలి నుంచి వస్తుంది. కనిపించేటప్పటికి ఆలస్యమైపోతుంది.

అల్లూరు దగ్గర మా ఇంటి రేకుల షెడ్డులో ఉన్న అంబాసిడర్‌కూ అదే జరిగింది. ఇంజిను తిరుగుతోంది. చాసిస్ గట్టిగానే ఉంది. ముందుభాగం మాత్రం పోయింది. బానెట్ అంచులు పొట్టు రాలినట్టు రాలుతున్నాయి. ఎడమ మడ్‌గార్డు బంపర్ దగ్గర సగం లేదు. ముందున్న గ్రిల్ చేత్తో పట్టుకుంటే చేతిలోకే వచ్చేసింది.

మనిషి గుర్తుకు రావాలి

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా టాక్సీ నడిపారు. ఈ కారు 1971 మోడల్. నాన్న దాన్ని 1984లో పాత బండిగా కొన్నారు. నెల్లూరు ప్రాంతంలో అప్పట్లో టాక్సీ అంటే సగం బేరాలు ఆస్పత్రివే. మద్రాసు జనరల్ హాస్పిటల్, వేలూరు సీఎంసీ... రాత్రి పదకొండింటికి తలుపు తట్టినా లేచి వెళ్లాల్సిందే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను తర్వాత, కూలిన చెట్ల మధ్య దారి చేసుకుంటూ ఈ కారులోనే జనాన్ని ఆస్పత్రులకు చేర్చానని చెబుతుంటారు.

వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి, ముందు గుంతల రోడ్డు. ఆ బండి ఎలా నడపాలో కొత్త డ్రైవర్లకు నాన్న ఒక్క మాటలో చెప్పేవారు. ‘‘గుంత కనపడినప్పుడు కారు కాదబ్బయా గుర్తుకు రావాల్సింది, లోపలున్న మనిషి’’ అని.

ఆ మాట మళ్లీ ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

కొన్నేళ్ల క్రితం టాక్సీ పర్మిట్ వదిలేసి, కారును సొంత బండిగా మార్పించుకున్నారు. ఆ తర్వాత అది ఎక్కువగా షెడ్డులోనే ఉంది. ఈలోపు నాన్న రెండు కళ్లకూ గ్లకోమా వచ్చింది. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ‘‘కనపడేంతలో దాన్నొకసారి నిండుగా చూసుకుంటే చాలు’’ అన్నారు ఓ సాయంత్రం. అడిగింది అంతే. మా ఇంట్లో ఆయన ఏదైనా అడగడమే అరుదు.

వీఏ నంబరు

అదే సమయంలో ఓ కొత్త ఆశ కూడా పుట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. అలాంటి బండికి రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల ఫీజు. పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించుకోవాలంటే 5 వేలు. రోజువారీ తిరుగుళ్లకు, బాడుగలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రం రోడ్డెక్కొచ్చు.

అయితే ఓ మెలిక ఉంది. బండి తన అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే... రేకు కత్తిరించి, వంచి, పట్టీ పూసి ‘ఇదే బానెట్’ అంటే కుదరదు!

అంబాసిడరే కదా, భాగాలు ఎక్కడైనా దొరుకుతాయనుకుంటాం. కానీ అంబాసిడర్లన్నీ ఒకటి కావు. హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 1957 తర్వాత తయారుచేసింది మార్క్-1. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 దానికి మూలం. 1960ల మొదట్లో వచ్చిన మార్క్-2కు ముందు చిన్న చిన్న చదరాల గ్రిల్. 1975లో మార్క్-3 వచ్చాక ఆ చదరాలు పోయాయి. తర్వాత మార్క్-4, నోవా... అలా మారుతూ మారుతూ 2014 మే నెలలో తయారీయే ఆగిపోయింది. మాది మార్క్-2. మాకు కావాల్సిన చదరాల గ్రిల్ తయారవడం ఆగిపోయి యాభై ఏళ్లవుతోంది. దొరికితే ఎక్కడో ఓ పాత దుకాణం అటక మీద దొరకాలి.

మూట విప్పితే...

మొదట మడ్‌గార్డు దొరికింది. కోయంబత్తూరులో ఓ పాత సామాన్ల వ్యాపారి దగ్గర. ఫొటోలు పంపాడు. నాన్న వాటిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి సరేనన్నారు. డబ్బులు కట్టాం. వారం తర్వాత నెల్లూరు పార్శిల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది.

వెళ్లి చూస్తే ఓ గోనెపట్టా మూట. చుట్టూ ప్లాస్టిక్ తాడు. విప్పగానే షెడ్డు మేస్త్రి ఏమీ అనలేదు. నాన్నే దగ్గరకెళ్లి, చక్రం మీద వంపు తిరిగే అంచును బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమారు. మధ్యలో చెయ్యి ఆగింది. ‘‘ఈడ నిలబెట్టినారు దీన్ని’’ అన్నారు. అంచు మీద నిలబెట్టి, దానిమీద ఇంకేదో బరువు వేశారన్నమాట. వంపు మొత్తం లోపలికి ముడుచుకుపోయింది. ముందు హెడ్‌లైటు కూర్చునే గుండ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది.

పార్శిల్ ఆఫీసులో అడిగితే ‘ప్యాకింగ్ సరిగా లేదు’ అన్నారు. అమ్మినాయన్ను అడిగితే ‘నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది’ అన్నాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. నష్టం మాత్రం మాది. మేస్త్రి నాలుగు రోజులు సుత్తీ దిమ్మె పట్టుకుని కూర్చుంటే ఎనభై శాతం దారికొచ్చింది. కానీ సాగిన రేకు మళ్లీ మునుపటిలా బిగుసుకోదు.

ఇంతలో కోల్‌కతాలోని మల్లిక్ బజార్ నుంచి కబురు. పాత కార్ల సామాన్లకు పేరున్న చోటది. బానెట్, చదరాల గ్రిల్, ముందు బంపర్, మరో ఎడమ మడ్‌గార్డు... నాలుగూ మార్క్-2వే, నాలుగూ ఒకేచోట ఉన్నాయి. ధర మొత్తం 23 వేలు. సంతోషం కంటే భయమే ఎక్కువేసింది. మడ్‌గార్డు వంద మైళ్ల లెక్కన నాలుగైదు మజిలీలు దాటితేనే అలా అయింది. ఇది సుమారు పదిహేను వందల కిలోమీటర్లు. ఇవి సొట్టపడితే మళ్లీ ఎక్కడ వెతకాలి?

దెబ్బ ఎక్కడ తగులుతుంది?

రెండు వారాల పాటు పార్శిల్ ఆఫీసుల గుమస్తాలను, లారీ డ్రైవర్లను, హమాలీలను అడుగుతూ తిరిగాను. అందరూ ఒకే సంగతిని రకరకాలుగా చెప్పారు. సామాను దారిలో పాడవదు, దించేచోట పాడవుతుంది.

విడి పార్శిళ్లు నేరుగా గమ్యానికి రావు. మన ఊళ్లో ఓ గోదాములో దిగుతాయి. అక్కడి నుంచి పెద్ద ఊరి గోదాముకు. అక్కడ మరో లారీ. మళ్లీ గోదాము, మళ్లీ లారీ. ఒక్కో మజిలీలో ఒకసారి దించడం, ఒకసారి ఎక్కించడం. నాలుగు మజిలీలంటే ఎనిమిది సార్లు ఎనిమిది రకాల చేతులు మారడం. లారీ వెయ్యి కిలోమీటర్లు మోసినా ఏమీ కాని రేకు, లారీ బల్ల నుంచి నేల మీదకు వచ్చే నాలుగడుగుల్లో వంగిపోతుంది.

హమాలీలను తప్పుపట్టడం తేలిక. ఓ పెద్దాయన చెప్పింది వింటే అలా అనలేం. ‘‘సార్, రోజుకి కొన్ని వందల మూటలు. లోపలేముందో మాకెట్ట తెలుస్తాది? మూటకి అడుగేది, పైనేది? చదునుగా కనపడితే పైన ఇంకోటి పెడతాం. కనపడేట్టు కట్టండి, కనపడితే మేం మాత్రం ఎందుకు యిసిరేస్తాం?’’ అన్నాడు. అందులో ప్యాకింగ్ శాస్త్రం సగం ఉంది!

కొరియర్‌లో పంపుదామంటే అదో లెక్క. పెద్దగా ఉండి తేలిగ్గా ఉండే సామాన్లకు బరువును బట్టి కాదు, పెట్టె పరిమాణాన్ని బట్టి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం విమాన కొరియర్లలో మామూలు. 180, 135, 40 సెంటీమీటర్ల పెట్టె అనుకోండి. అసలు బరువు 90 కిలోలే అయినా లెక్క 194 కిలోలకు తేలుతుంది. బానెట్‌కు కాదు, బానెట్ చుట్టూ ఉన్న గాలికి కిరాయి కట్టినట్టు!

పోనీ నష్టపరిహారం సంగతి? 2007లో చేసిన రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి నుంచి అమల్లో ఉంది. సామాను పాడైతే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రవాణా సంస్థకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. లేకుంటే కోర్టుకెళ్లే దారి మూసుకుపోతుంది. ఎక్కువ విలువ ప్రకటించి, దానికి తగ్గ ఎక్కువ కిరాయి కట్టి ఉంటే తప్ప, సంస్థ బాధ్యత మామూలుగా కట్టిన కిరాయికి పది రెట్ల వరకే. తెలుసుకోదగ్గ విషయమే. కానీ మా విషయంలో డబ్బు తిరిగొచ్చి ఏం లాభం? డబ్బుతో మళ్లీ కొనడానికి ఆ వస్తువు ఉండాలి కదా!

పక్కనే పాఠం

సున్నితమైన పెద్ద వస్తువుల్ని రోడ్డు మీద మోసుకురావడం ఎలాగో మా ప్రాంతానికి కొత్త కాదు. సూళ్లూరుపేట దాటితే శ్రీహరికోట. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండి 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. తమిళనాడులోని మహేంద్రగిరి నుంచి రాకెట్ల ద్రవ ఇంధన దశలు, బెంగళూరు నుంచి ఉపగ్రహాలు అక్కడికి రోడ్డు మీదే వస్తాయి. ప్రత్యేకమైన కంటైనర్లు, ముందూవెనకా రక్షణ వాహనాలు, నిదానమైన ప్రయాణం. ఆకాశంలోకి గంటకు వేల కిలోమీటర్ల వేగంతో వెళ్లే వస్తువు రోడ్డు మీద ఎద్దుబండికి పోటీగా వస్తుంది.

ఎద్దుబండి అంటే గుర్తొచ్చింది. 1981లో ఆపిల్ ఉపగ్రహాన్ని ఎద్దుబండి మీద నిలబెట్టిన ఫొటో మీరూ చూసే ఉంటారు. పేదరికం వల్ల అలా తీసుకెళ్లారనుకుంటారు చాలామంది. అసలు కారణం వేరు. యాంటెన్నాను పరీక్షించేటప్పుడు చుట్టూ లోహం ఉంటే లెక్కలు తేడా వస్తాయి. అందుకని చెక్కబండిని కోరి ఎంచుకున్నారు. వస్తువుకు ఏం కావాలో దాన్నిబట్టి బండి ఉండాలి... అదీ పాఠం.

మరోటి కూడా ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం కోసం మహారాష్ట్ర నుంచి బయల్దేరిన ఓ భారీ ఆటోక్లేవ్ 2019 జులైలో రోడ్డెక్కి 2020 జులైలో చేరింది. సుమారు 1,700 కిలోమీటర్లకు ఏడాది! 74 చక్రాల బండి, మధ్యలో లాక్‌డౌన్. అడ్డొచ్చిన చోట్ల కరెంటు తీగలు తప్పించారు, చెట్లు కొట్టారు. కానీ మధ్యలో దించి మరో లారీకి ఎక్కించలేదు.

నాకు కావాల్సిన సమాధానం అక్కడ దొరికింది. వేగం అక్కర్లేదు. ఒకసారి ఎక్కాలి, ఒకసారి దిగాలి. అంతే.

ఖరగ్‌పూర్ తమ్ముడు

కోల్‌కతాలో మాకెవరూ లేరు. కానీ ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఆ ఊరికి తెలుగువాళ్లు ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడ్డారు. మా చిన్నాన్న కూడా రైల్వే వర్క్‌షాపులో చేరి అక్కడే ఉండిపోయాడు. ఆయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, బెంగాలీ మనకంటే బాగా, తెలుగు బెంగాలీ యాసలో మాట్లాడతాడు. ‘‘అన్నయ్యా, నువ్వు చెప్పు, నేను కట్టిస్తా’’ అన్నాడు.

తమ్ముడు మల్లిక్ బజార్ వెళ్లి, నాలుగు భాగాల్నీ చూసి, కారు పైన పరుపు వేసి కట్టుకుని ఖరగ్‌పూర్ తెచ్చాడు. వాళ్ల వీధిలోనే ఓ వడ్రంగి. ఆయనా శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుటుంబమే. ఇక్కడి నుంచి మేస్త్రి, నాన్న, నేను ఫోన్లో... అక్కడ వాళ్లిద్దరూ. మూడు రోజులు సాగింది ప్యాకింగ్.

మొదటిరోజు శుభ్రం చేయడం. రేకు మీద ఎక్కడా తడి, మట్టి లేకుండా తుడిచి, తుప్పు పట్టనివ్వని నూనె పల్చగా పట్టించారు. రంగు వేయించి పంపుతానన్నాడు దుకాణదారు. మేస్త్రి వద్దన్నాడు. కొత్త రంగు మీద బుడగల ప్లాస్టిక్ చుడితే ఆ బుడగల గుర్తులు రంగు మీద అచ్చుపడతాయట.

పాత పేపర్లలో చుట్టమందామనుకుంటే దానికీ మేస్త్రి ఒప్పుకోలేదు. ‘‘మీ పేపరు చదవడానికి మంచిదే సార్, ఇనుముకు మాత్రం కాదు’’ అని నవ్వాడు. న్యూస్‌ప్రింట్ గాల్లో చెమ్మను పీలుస్తుంది. నాలుగు రోజులు రేకును అంటుకుని ఉంటే అక్కడ తుప్పు మొదలవుతుంది. గాజు సామాన్లకు సరే కానీ, రంగులేని ఇనుముకు పనికిరాదు. అలాగని ప్లాస్టిక్‌తో ఊపిరాడకుండా చుట్టినా ముప్పే. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడితే లోపల నీటి చెమట పడుతుంది. చివరికి ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలు వాడే తుప్పు నిరోధక కాగితం (వీసీఐ అంటారు) తెప్పించి చుట్టారు. దాని మధ్య సిలికా జెల్ పొట్లాలు.

రెండోరోజు అంచుల పని. మడ్‌గార్డుకైనా, బానెట్‌కైనా ప్రాణం అంచుల్లో ఉంటుంది. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాలుంటాయి కదా, వాటిని నిలువుగా చీల్చి అంచులన్నిటికీ తొడిగారు. హెడ్‌లైటు గుండ్రంలో సరిగ్గా పట్టేటట్టు ఓ చెక్క బిళ్ల కోసి బిగించారు. బయటి నుంచి నొక్కుడు పడినా ఆ గుండ్రం గుడ్డు కాకుండా!

మూడోరోజు పెట్టె. ఇక్కడే నాన్న సలహా పనికొచ్చింది. వస్తువును పెట్టెలో ‘పెట్టకూడదు’, పెట్టెకు ‘బిగించాలి’ అన్నారు. కారుకు బానెట్‌ను దేనితో బిగిస్తారు? కీళ్ల దగ్గర బోల్టులతో. పెట్టెలోనూ అవే రంధ్రాల్లోంచి బోల్టులు వేసి చట్రానికి బిగించమన్నారు. అప్పుడు బరువంతా కంపెనీవాడు బరువు మోయడానికని చేసిన చోటే పడుతుంది. అంచులు దేన్నీ తాకకుండా గాల్లో ఉంటాయి. మడ్‌గార్డుకూ అంతే. రబ్బరు వాషర్లు వేసి బిగించారు. కారు లోపలి మనిషి కుదుపుకు కదలకూడదని ముప్పై ఏళ్లు చూసుకున్నాయనకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

చట్రం బాగా ఎండిన మామిడి చెక్కతో చేశారు. పచ్చి చెక్కయితే దాని చెమ్మ లోపలి ఇనుముకు చేరుతుంది. (విదేశాలకు పంపాలంటే దీనికో నిబంధన కూడా ఉంది. పురుగులు దేశాలు దాటకుండా పెట్టె చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయించాలి.) అడుగున రెండు దుంగలు... నేల మీద ఈడ్చకుండా చేతులు, తాళ్లు దూర్చి ఎత్తడానికి. చుట్టూ పలకలు కాదు, సందులున్న రీపర్లు. లోపలున్నది కారు బానెట్ అని ఎవరికైనా కనబడాలి. మూసిన పెట్టెను విసిరే చెయ్యి, కనబడే వస్తువును విసరదు. పైభాగం చదునుగా కాకుండా ఇంటి కప్పులా వాలుగా కొట్టించాం. దానిమీద ఇంకో పెట్టె పెట్టాలన్నా నిలవదు!

చివరగా రాత. ‘పైకి’, ‘మెల్లగా’, ‘మీద బరువు పెట్టొద్దు’ అని బెంగాలీ, ఒడియా, తెలుగు, హిందీ నాలుగింట్లోనూ రాశారు. చదువురాని వాళ్ల కోసం బాణం గుర్తు, గాజు గ్లాసు బొమ్మ. ఓ మూల షాక్ స్టిక్కర్. పెట్టె గట్టిగా కిందపడితే అందులోని తెల్ల గొట్టం ఎర్రగా మారుతుంది. దానివల్ల దెబ్బ ఆగదు కానీ, ఎవరి చేతిలో ఉండగా తగిలిందో తెలుస్తుంది. మూయకముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, ఓ కాపీ డ్రైవరు ఫోనుకు కూడా పంపాం.

గోతాల మధ్య...

ఇక లారీ. మ్యాపు ముందేసుకుంటే ఓ సంగతి కళ్లకు కట్టింది. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగా వస్తుంది, నెల్లూరు మీదుగా పోతుంది. మధ్యలో రోడ్డే మారక్కర్లేదు. మరి లారీ మాత్రం ఎందుకు మారాలి?

నెల్లూరు అంటే బియ్యం మిల్లులు. మిల్లులన్నాక గోతాలు కావాలి. గోతాలు హుగ్లీ నది ఒడ్డున ఉన్న జనపనార మిల్లుల నుంచి వస్తాయి. తెలిసినవాళ్ల ద్వారా ఓ మిల్లు మేనేజర్‌ను అడిగితే, సంక్రాంతి తర్వాత ఒక లోడు రాబోతోందన్నారు. నేరుగా నెల్లూరుకు! డ్రైవరు కోవూరు మనిషి. ఖరగ్‌పూర్ దగ్గర ఆగి పెట్టెను ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు. కిరాయి 3,500. పెట్టె, కాగితం, వడ్రంగి కూలీ అన్నీ కలిపి 4,200. సామాను విలువ 50 వేల లోపే కాబట్టి ఈ-వే బిల్లు అక్కర్లేదు. దుకాణం బిల్లు, ఏముందో రాసిన కాగితం మాత్రం డ్రైవరు చేతికిచ్చాం.

పెట్టెను గోతాల బేళ్ల మధ్య నిలువుగా నిలబెట్టి, రెండువైపులా బేళ్లు ఆనించి, పైన పట్టా కప్పారు. ఇంతకంటే మెత్తటి పరుపు ఎక్కడ దొరుకుతుంది? 2023 జనవరి చివరి వారం. మాకు ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసిన సమయం. అది కూడా చూసుకునే ముహూర్తం పెట్టాం.

నాలుగు రోజులు. డ్రైవరన్న రోజూ రాత్రి భోజనానికి ఆగినచోట ఫోన్ చేసేవాడు. బాలేశ్వర్ దాటా. బరంపురం దాటా. తునిలో ఉన్నా. ‘‘పెట్టె కదల్లేదు పెద్దాయనా, నేనే నిద్రలేక ఊగతా ఉండా’’ అని నాన్నతో పరాచికాలు. నాన్న మాత్రం ఒక్కటే అడిగేవారు: ‘‘గుంతల కాడ మెల్లగా పోతా ఉండావా?’’

చేయి ఆగలేదు

మిల్లు దగ్గర పట్టా తీశారు. ముందు షాక్ స్టిక్కర్ చూశాను. తెల్లగానే ఉంది. నలుగురు హమాలీలు దుంగల కింద చేతులేసి ఎత్తారు. బస్తాల్ని వీపు మీద వేసుకుని పరిగెత్తే మనుషులు, సందుల్లోంచి కనబడుతున్న బానెట్‌ను చూసి అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. ‘‘నిదానం రా, ఇది బస్తా కాదు, పెండ్లికూతురి పెట్టె’’ అని వాళ్లలో పెద్దాయన కేకేశాడు.

షెడ్డులో మేస్త్రి బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. కాగితం తీశాడు. నాన్న ముందుకొచ్చారు. అప్పటికి ఆయనకు పక్క చూపు బాగా తగ్గింది. ఎదురుగా ఉన్నది మాత్రమే, గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. అందుకే కళ్లతో కాకుండా చేత్తో మొదలుపెట్టారు. మడ్‌గార్డు అంచు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు... మధ్యలో చేయి ఎక్కడా ఆగలేదు. హెడ్‌లైటు గుండ్రం చుట్టూ తిప్పారు. బానెట్ నాలుగు అంచులూ తడిమారు. గ్రిల్ చదరాల మీద వేళ్లు ఆడించారు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ తిప్పుతూ, ముక్కలుముక్కలుగా మొత్తం చూసుకున్నారు. ‘‘బాగుండాది’’ అన్నారు. మా నాన్న నిఘంటువులో అంతకంటే పెద్ద మాట లేదు.

బిగింపు, రంగు పూర్తయ్యేసరికి రెండు నెలలు పట్టింది. వంకరపోయిన మొదటి మడ్‌గార్డును మేస్త్రి పారేయలేదు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు రేకు సాగితే ఏమవుతుందో చూపడానికి గోడకు వేలాడదీశాడు.

ఈ కథ విన్న చాలామంది ‘ఒక బానెట్ కోసం ఇంత హడావుడా?’ అన్నారు. దూరాన ఉన్న పిల్లలకు అమ్మలు పంపే ఆవకాయ జాడీ చూడండి. మూతకు గుడ్డ కట్టి, ప్లాస్టిక్ చుట్టి, చీరలో పెట్టి, బియ్యం మధ్య కూర్చోబెట్టి పంపుతారు. దాన్ని హడావుడి అని ఎవరూ అనరు. అది చేరాల్సిన మనిషి ఎవరో తెలుసు కాబట్టే ఆ జాగ్రత్త. మా పెట్టెకైనా అంతే. లారీ డ్రైవరుకు, హమాలీలకు, వడ్రంగికి అది బానెట్ అని తెలియడమే కాదు, ఓ పెద్దాయన చూపు తగ్గకముందే చూసుకోవాలనుకుంటున్నాడని కూడా తెలుసు. తమ్ముడు అందరికీ చెప్పాడు. పెట్టె మీద నాలుగు భాషల్లో రాసినదాని కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది.

అన్నట్టు, ఆ మామిడి చెక్క పెట్టెను పొయ్యిలోకి పెట్టనివ్వలేదు నాన్న. ‘‘ఎవురికైనా పనికొస్తాది, ఉండనీ’’ అని షెడ్డులో ఓ మూల నిలబెట్టించారు. ఏడాది తిరక్కుండా కావలి నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది ఆయనకు. దాని తలుపులు బాగుచేయించడానికి చెన్నై పంపాలట. ఎలా పంపాలో తెలియక భయపడుతున్నాడు. నాన్న ఆయన్ను పెట్టె దగ్గరకు తీసుకెళ్లి, బోల్టు రంధ్రాలు ఎక్కడ కొట్టాలో చేత్తో తడిమి చూపించారు. పెట్టె ఇప్పుడు కావలిలో ఉంది. దానిమీద బెంగాలీ రాత అలాగే ఉందట.